ఏమీ కాలేదు

కెమ్చి రేవులో పడవలకు పెట్రోలు పోసేదాన్ని నేను.
మీటరు మీద లీటర్లు చూస్తాననుకుంటారు అందరూ.
నేను ముందు పిల్లల తలలు లెక్కపెడతాను,
తర్వాత నారింజరంగు చొక్కాలు.
రెండు లెక్కలూ కలిస్తే గొట్టం తీస్తాను.
కలవకపోతే గొట్టానికి ఏదో అడ్డుపడిందంటాను,
పానా కోసం వెతుకుతాను,
దొరికాక కూడా వెతుకుతాను.
నాకు చేతనైన దబాయింపు అదొక్కటే.

దోన్ ఫ్లోరిందో పడవ పసుపుది, నాకంటే పాతది.
ఎంత వేగం పోతుందని అడిగితే
"పోవాల్సిన చోటికి పోతుంది" అంటాడు.
మనవరాలు మైతేకి ఐదేళ్లు.
చొక్కా తొడిగి, కాళ్ల సందు పట్టీ బిగించి,
భుజాల దగ్గర పట్టుకుని పిల్లను పైకెత్తి చూస్తాడు
బంగాళాదుంపల బస్తా బరువు చూసినట్టు.
చొక్కా చెవుల దాకా జారకపోతేనే
పడవలో కాలు.
ఒక్కోరోజు ఎదుటి దీవి మీద మబ్బు దిగుతుంది,
విప్పిన తాడు మళ్లీ కట్టేస్తాడు.
మైతే రేవంతా వినబడేలా ఏడుస్తుంది.
"ఏడవనీ" అంటాడు,
"ఏడుపు వినబడుతుందంటే పిల్ల ఉన్నట్టే."

ఆ ఆదివారం రిగోబెర్తో వచ్చాడు.
కొత్త ఇంజను, నూట పదిహేను గుర్రాలట.
మాటకు ముందు ఆపిల్ చిచా వాసన.
పడవ మొన మీద కొడుకు, నాలుగేళ్ల ఇలారియో,
రెండు కాళ్లూ నీళ్ల మీదికి వేలాడేసి.
చొక్కాలు లేకపోలేదు,
సీటు కింద, ప్లాస్టిక్ సంచి విప్పకుండా.

గొట్టానికి అడ్డుపడిందన్నాను.
"నా కొడుకును చూస్తేనే దానికి జబ్బు చేస్తుంది, సెన్యోరా"
అని నవ్వి, తన డబ్బాలోంచి తనే పోసుకుని,
వెళ్లిపోయాడు.

నల్లమెడ హంసల్ని లేపాలని ఒక్క మలుపు తిప్పాడు.
మొన లేచింది.
రేవు మీంచి నేను చూశాను:
పిల్లవాడికీ చెక్కకీ మధ్య
జానెడు వెలుతురు.
మళ్లీ అక్కడే కూర్చున్నాడు.
నవ్వాడు కూడా.
ఆ అల నెమ్మదిగా వచ్చి
కట్టేసి ఉన్న పసుపు పడవను రాతికేసి కొట్టింది,
అందులో ఉన్న మైతే మోకాళ్ల మీద పడింది.

తిరిగొచ్చి అన్నాడు:
"చూశావుగా, ఏమీ కాలేదు."

ఆ మాట నాకు కొత్త కాదు.
ఇరవై మూడేళ్ల కిందట నేనూ అన్నాను.
చిచా లేదు, ఇంజను లేదు, తెడ్లే.
ఆటు వచ్చేలోగా ఊలు బేరానికి అందాలన్న తొందర.
ఊలు మూటలకు తాడు కట్టాను,
మూటల మధ్య యస్నాను ఊరికే కూర్చోబెట్టాను.
జెల్లీచేప కోసం వంగింది రెండేళ్ల పిల్ల.
స్వెట్టరు అంచు దొరికింది నాకు,
నేనే అల్లిన స్వెట్టరు,
కుట్టు వెంట కుట్టు ఊడుతూ
ఆగింది.
ఇంటికెళ్లి మొగుడితో ఏమీ కాలేదన్నాను.
అతను ఏమీ అడగలేదు.
ఇప్పుడు యస్నా తన పిల్లలకు కథ చెబుతుంది,
మా అమ్మ నన్ను చేపలా పట్టింది అని,
అందరూ నవ్వుతారు.
నేను లేచి టీ నీళ్లు పెడతాను.

ఇదంతా రిగోబెర్తోకు చెబుదామనుకున్నాను.
నోరు రాలేదు.
వంగి, సీటు కింది సంచిని పళ్లతో చించి,
చొక్కా తీసి ఇలారియోకు తొడిగాను.
భుజాల దగ్గర పట్టి ఎత్తాను.
చొక్కా పైకి వచ్చింది, పిల్లవాడు కిందే ఉన్నాడు,
మెడ లోపలికి పోయి కళ్లు మాత్రం కనబడుతూ.

ఎనిమిదేళ్ల వాడి కొలత.

తండ్రి మొదటిసారి సరిగ్గా చూశాడు.
మాటలో చిచా దిగిపోయింది.
"పెరుగుతాడు కదా అని కొన్నాను" అన్నాడు.

ఎవరం ఏమీ అనలేదు.
మైతే మోకాలు ఊదుకుంటోంది.
దోన్ ఫ్లోరిందో ఆమె చొక్కా విప్పి,
చేత్తో చాచి పట్టుకుని నిలబడ్డాడు,
ఇస్తున్నానని చెప్పకుండా.

గొట్టం కొక్కేనికి తగిలించేశాను.
ఆ పూట దానికి నిజంగానే
ఏదో అడ్డుపడింది.